కణాల కబురు

ఆమె పోయిందని తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని ఆమెను తిట్టుకోవడం. ఊపిరితిత్తుల జబ్బట. చాలా రోజులుగా వేలూరులో చూపించుకుంటోందట. మా ల్యాబ్‌లో ఒక్కరికీ చెప్పలేదు. కనపడ్డ ప్రతి బాలింత ఇల్లూ వెతుక్కుంటూ వెళ్లి మంచీ చెడూ చెప్పొచ్చిన మనిషి, తన సంగతి మాత్రం పెదవి విప్పి చెప్పలేదు. చిత్తూరులో వాళ్ల అన్నగారి ఇంటి నుంచి ఫోన్ వస్తే "సరేనండీ" అని పెట్టేసి, ఖాళీ గదిలో పైకే అన్నాను: "ఇదేం పద్ధతి మేడమ్?" 

మా పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఆమె నన్ను పెట్టిన బాధ అర్థం కాదు. మన ఒంట్లో రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. అక్కడ రక్తాన్ని పుట్టించే మూలకణాలు కొద్దిగా ఉంటాయి. మూలుగ చెడిపోయిన రోగులకు వాటిని బయటి నుంచి ఎక్కించాలి. బిడ్డ పుట్టాక కోసిన బొడ్డుతాడులో మిగిలే రక్తంలో కూడా ఇవి దొరుకుతాయి గానీ, ఒక పెద్ద మనిషికి సరిపడా దొరకవు. పోనీ బయట పెంచుదామంటే, ప్లాస్టిక్ పళ్లెంలో వేసిన కొద్ది రోజులకే అవి మామూలు రక్తకణాలుగా మారిపోతాయి. మూలుగలాగే మెత్తగా, తడిగా ఉండే పడక ఒకటి తయారు చేసి అందులో ఉంచితే, మారకుండా పెరుగుతాయని మా ఆశ. ఆ పడకనే హైడ్రోజెల్ అంటారు. చూడ్డానికి నీళ్లెక్కువైన జెల్లీలా ఉంటుంది. ఆమె మా ప్రాజెక్టులో పెద్ద సైంటిస్టు, నేను అప్పట్లో పీహెచ్‌డీ విద్యార్థిని. జెల్ వంటకం ఆమెది, వండేది నేను. అది కుదిరితేనే నాకు డిగ్రీ, కుదరకపోతే లేదు.

ఆ జెల్ పిచ్చిలో పడి ఆమె మెత్తగా కనపడిన ప్రతిదాన్నీ వేలితో నొక్కి చూసేది. తిరుపతిలో మా ల్యాబ్ అమ్మాయి పెళ్లి భోజనంలో, ఆకులో వడ్డించిన కేసరిని చూపుడువేలితో అదిమి, వేలు తీశాక అది ఎంతసేపట్లో పైకి లేస్తుందో చూస్తూ కూర్చుంది. పక్కనున్న పెద్దావిడ తన ఆకును కాస్త అవతలికి జరుపుకుంది. చిత్తూరు మామిడి మండీలో అయితే బేనీషా కాయలను వరసపెట్టి నొక్కుతుంటే కాయల ఆసామి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, కాయలు కొనేకొచ్చినావా, నాడి పట్టేకొచ్చినావా?"

"కొంటా లేబ్బా, ఉండు. కాయకు లోపలెట్లుండాదో తెలీద్దా?"

కొన్నది రెండే కాయలు. వాటి కోసం మేం గంటసేపు ఎండలో నిలబడ్డాం. పోనీ ఆ వేలు సరిగ్గా చెప్పేదా అంటే అదీ లేదు. నేను పొద్దస్తమానం కూర్చుని చేసిన జెల్‌ను ఒక్క పోటు పొడిచి, "గట్టిగా ఉండాది పాపా, పారెయ్" అనేది. మెత్తదనం కొలిచే యంత్రంలో పెట్టి చూపిస్తే సరిగ్గానే ఉండేది. "యంత్రానికి ఈ పొద్దు బాగలేదు" అనేది. సగం సార్లు ఆమె వేలే తప్పు. అయినా మర్నాడు మళ్లీ పొడిచేది.

అది భరించొచ్చు. భరించలేనిది ఆమె కాన్పు వార్డు పద్ధతి. మాకు బొడ్డుతాడు రక్తం ఇచ్చేది ఊళ్లో ఒక ప్రసూతి ఆస్పత్రి. నెలలు నిండిన అమ్మాయి దగ్గరికి వెళ్లి, సంగతి చెప్పి, సంతకం తీసుకోవాలి. ఇంకెవరైనా అయితే కాసేపట్లో ముగించుకుని వస్తారు. ఈమె పొద్దున వెళ్లిందంటే అన్నం వేళకు గానీ రాదు. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఆ అమ్మాయికీ, అత్తకూ, పక్క మంచం వాళ్లకూ అన్నీ విడమరిచి చెప్పేది. నేను వెంట వెళ్లిన ఒక రోజు మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"బొడ్డు మేం ఎండబెట్టి తాయెత్తులో పెట్టి కడతాము గదా, మీకెట్ల ఇచ్చేది?" అంది ఒక అత్తగారు.

"అది బిడ్డకు అంటుకోనుండే ముక్క, ఎండి రాలిపోతాది. దాన్ని మేం ముట్టం, అది మీదే. మేం అడిగేది కోసినాంక మాయ పక్క మిగిలే రగతం."

"దాన్నేం చేస్తారు?"

"పెంచుతాము."

"పెరగతాదా?"

"ఇంతవరకు పెరగలేదు."

నేను తల పట్టుకున్నాను. అడగడానికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఆ మాట చెప్తారా? అంతటితో ఆగిందా అంటే, లేదు. "ఇచ్చినాంక గూడా వద్దనిపిస్తే చెప్పు, ఆ నిమిషమే ఆపేస్తా" అనేది. ఆఖరున అందరికీ చెప్పే మాట ఇంకొకటి ఉండేది. "నీ రగతం ఏమైందో నేనే వచ్చి చెప్తా."

మొదటిసారి విన్నప్పుడు ఏదో మర్యాదకు అంటోందనుకున్నాను. మర్యాదా పాడా! ఆమె నిజంగానే వెళ్లేది. నిబంధన ప్రకారం రక్తపు సంచి మీద నంబరు తప్ప పేరు ఉండదు. ఏ నంబరు ఎవరిదో ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరు ఆమె కావడం మా కర్మ. కణాలు చచ్చిపోయిన వారంలో సెలవు దొరికితే చాలు, చేతిసంచీ భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సెక్కేది. తిరిగొచ్చేటప్పుడు ఆ సంచీ నిండా చింతపండు, అలసందలు, ఎవరో పెరట్లో కోసిచ్చిన సొరకాయ. ల్యాబ్ బయట నా బల్ల మీద సొరకాయ పెట్టి, "తీసుకో పాపా, లేత కాయ" అనేది. నాకు కావలసింది సొరకాయ కాదు, జెల్. ఆ మాటా అన్నాను. నవ్వింది.

ఒకసారి పలమనేరు దగ్గర ఊరికి నన్నూ లాక్కెళ్లింది. పాడి ఉన్న ఇల్లు. వాకిట్లో ఆవులు, వసారాలో ఉయ్యాల. బాలింత లోపలుంది, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ముసలమ్మ బయట కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చారు, కూర్చోబెట్టారు. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ఎటువంటి ముందుమాటా లేకుండా అంది:

"మీ బిడ్డ కణాలు సచ్చిపోయినాయమ్మా."

ముసలమ్మ ఒక్క అరుపు అరిచింది. ఆవు కూడా తలెత్తింది.

"ఏందీ? బాలింత ఇంటికొచ్చి ఆ మాటలేంది? నీ నోట్లో మన్నుబడ!"

"బిడ్డ నిండా బాగుండాడు గదమ్మా. పోయినవి మా దగ్గరుండేటివి. తప్పు మాదే, జెల్ గట్టిగా అయిపోయింది. వచ్చి చెప్తానన్నా గదా, అందుకని వచ్చినా."

"ఎవురు చెప్పమన్నారు నిన్ను?"

నేను కూడా సరిగ్గా అదే అడగాలనుకున్నాను. ముసలమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి మనవడికి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు అందరం దగ్గుతున్నాం. అయినా ఇంటికొచ్చినవాళ్లను ఊరికే పంపకూడదు కాబట్టి, తిడుతూనే రెండు గిన్నెల్లో జున్ను తెచ్చి పెట్టింది. ఈమె గిన్నె అందుకుని జున్నును వేలితో నొక్కింది. ముఖం వెలిగిపోయింది.

"సూడు పాపా! ఇట్లుండాల మనది!"

"తినేదాన్ని అట్ల పొడస్తావేందే తల్లీ?" అంది ముసలమ్మ, ఇక కోపం కూడా చాలించుకుని.

నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. తరువాతి వారమే ఆ ఇంటి మగమనిషి ఆస్పత్రికి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాడు. అక్కడి పెద్ద డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిపించి నిలబెట్టి చెప్పింది. ఇటువంటి ఫోన్ ఇంకొకటి వస్తే ఆ ఆస్పత్రి నుంచి మాకు ఒక్క చుక్క రాదు. రక్తం రాకపోతే కణాలు లేవు, కణాలు లేకపోతే నా జెల్ ఎందుకూ కొరగాదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆమె చాలాసేపు ఆలోచించింది. బుద్ధి వచ్చిందేమోననుకున్నాను.

"సచ్చిపోయినాయి అనకూడదేమో పాపా. నిలబళ్లేదు అంటే సరిపోతాది."

"అసలు చెప్పకపోతే ఇంకా బాగా సరిపోతుంది మేడమ్."

"అది కుదరదు గదా" అంది, నేనేదో చిన్నపిల్లలా మారాం చేస్తున్నట్టు.

కొన్ని నెలలకు జెల్ కుదిరింది. గట్టిపరిచే మందును మరికాస్త తగ్గించి చూశాం, అంతే. ఎన్నాళ్లుగానో చేస్తున్న పని, ఆ ఒక్క పళ్లెంలో నిలబడింది. వారం దాటింది, రెండో వారం దాటింది. కాస్త తీసి పరీక్షిస్తే ఇంకా మూలకణాలుగానే ఉన్నాయి, పెరుగుతున్నాయి కూడా. నెలాఖరుకు పెద్ద యంత్రంలో పూర్తి లెక్క తీయాలి. ఆ లెక్క చేతికొస్తే నా థీసిస్ అయిపోయినట్టే. అప్పటికి నా ఫెలోషిప్ చివరికొచ్చింది. ఇంట్లో మా నాయన "ఇంగెన్నాళ్లమ్మా?" అని అడగడం కూడా మానేశాడు. నేను ప్రతి గంటకూ వెళ్లి మైక్రోస్కోపులో ఆ గుండ్రటి కణాలను చూసుకుని వస్తున్నాను. సంతోషంతో అన్నం కూడా సయించడం లేదు.

ఆమె మాత్రం సంతోషంగా లేదు. రెండు రోజులు వేలు పెట్టి దేన్నీ పొడవలేదు. మూడో రోజు నన్ను పక్కకు పిలిచింది.

"ఆ పళ్లెంలో వేసిన సంచి ఎవురిదో తెలుసునా? తిరుచానూరు పూలమ్మాయిది. ఆ బిడ్డ పొయ్యినాడు పాపా. గుండెలో ఏదో లోపమంట, పుట్టిన వారం లోపలే."

"అయ్యో" అన్నాను. వెంటనే భయం పట్టుకుంది.

"మేడమ్, మీరు చెప్పడానికి పోకూడదు."

"చెప్తానన్నా గదా."

"బిడ్డ పోయిన తల్లి దగ్గరికి పోయి, వాడి కణాలు బతికున్నాయని ఎట్లా చెప్తారు? మనుషులు చేసే పనేనా అది? పోనీ, లెక్క తీసినాక చెప్పండి. పది రోజులు ఆగండి."

"పది రోజులు ఆగి చెప్తే, వద్దనేదానికి ఆ పిల్లకు ఏం మిగిలుంటాది?"

"ఏమీ మిగలకూడదనే చెప్తున్నా!" అని అరిచాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున బస్టాండుకు బయలుదేరింది. ఆపడానికి నేనూ వెంటపడ్డాను. దారి పొడుగునా చెప్పాను, బతిమాలాను. అమ్మవారి గుడికి వెళ్లే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. నా మాటలు పక్కనున్న యాత్రికులందరూ విన్నారు గానీ ఆమె వినలేదు.

లాడ్జీల వెనక సందులో ఒక గది. తడి గోనె మీద మల్లెమొగ్గలు పోసుకుని ఆ అమ్మాయి మాల కడుతోంది. పాతికేళ్లు కూడా లేవు. మమ్మల్ని చూసి చాప పరిచింది. ఈమె దాని మీద కూర్చుని, ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"నువ్విచ్చిన బొడ్డుతాడు రగతం బతికుండాది. మా దగ్గర పెరగతా ఉండాది. ఇంతవరకు ఎవురిదీ ఇట్ల పెరగలేదు."

దారం పట్టుకున్న వేళ్లు ఆగిపోయాయి.

"వాడిదేనా?"

"వాడిదే."

"మీకు పనికొస్తాదా మేడమ్మా?"

"శానా పనికొస్తాది. ఈ పాపకు మరీను. ఇది ఉంటే ఈమె సదువు అయిపోతాది. ముందు ముందు జబ్బు మనుషులకు ఒక దారి దొరకొచ్చు. ఇప్పుడే అని నేను చెప్పలేను." అమ్మయ్య, మొదటిసారి నా తరఫున ఒక మాట మాట్లాడింది అనుకున్నాను. ఊపిరి పీల్చుకునే లోపలే, "కానీ నీకు వద్దనిపిస్తే ఆపేస్తా" అని చేర్చింది. ఆ నిమిషంలో ఆమె నోరు నా చేత్తో మూసేసి ఉంటే ఎంత బాగుండేది.

ఆ అమ్మాయి చేతిలోని దారం మొగ్గల మీద పెట్టేసింది.

"నాకు పాలు మొన్ననే ఆగినాయి మేడమ్మా. అంతవరకు రవికె తడిసిపోతా ఉంటే ఎవురికీ చెప్పుకోలేక సచ్చినా. వాడు లేడని నా ఒళ్లు ఇప్పుడిప్పుడే ఒప్పుకునింది. నువ్వొచ్చి యాడనో ఉండాడంటావు. ఇంగ నేనెట్ల పండుకునేది? ఆపేయండి."

"సరేమ్మా" అంది మేడమ్. అంతే. నచ్చచెప్పలేదు, రెండు రోజులు ఆలోచించుకో అనలేదు. నేను నోరు తెరిచాను. నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ అమ్మాయి నా ముఖం చూసి, "నీ సదువు పోతాదా అక్కా?" అని అడిగింది. ఏం చెప్పాలి ఆ పిల్లకు? "పోదులేమ్మా" అన్నాను. బయటికొచ్చాక సందు మొదట్లో నిలబడి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నాకే తెలియదు.

ల్యాబ్‌కు తిరిగొచ్చాక ఆఖరి ప్రయత్నం చేశాను. పెద్ద యంత్రం ఆ మధ్యాహ్నం ఖాళీగానే ఉంది. ఒక్క గంట చాలు. ఎలాగూ పారేసేదే కదా, లెక్కపెట్టి పారేస్తే ఎవరికి నష్టం?

"వద్దనింది గదా పాపా" అంది.

"ఆ పిల్లకు తెలుస్తుందా?"

"తెలిస్తే ఏంది, తెలీకుంటే ఏంది? వద్దనింది."

పళ్లెం తనే తీసింది. బ్లీచింగ్ ద్రావణం తనే పోసింది. కణాలకు ఆహారంగా పోసిన లేత గులాబీ రంగు నీళ్లు చూస్తుండగానే తెల్లబడిపోయాయి. పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కుంది. నేను గ్లవుజులు పీకి బుట్టలో విసిరికొట్టి వెళ్లిపోతుంటే వెనక నుంచి, "అన్నం తినేసి పో పాపా, పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు నువ్వు" అంది. ఒళ్లు మండిపోయింది. నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఏమీ జరగనట్టే వచ్చి నా జెల్‌ను పొడిచి పోయేది.

వేరే సంచులతో మళ్లీ అదే జెల్ కుదరడానికి ఏడాది పైనే పట్టింది. ఫెలోషిప్ లేని ఆ ఏడాది నేను ట్యూషన్లు చెప్పుకుని గడిపాను. ఆమెదే న్యాయమని ఇప్పటికీ ఒప్పుకోను. చెప్పకపోయి ఉంటే ఆ పిల్ల ఏ దిగులూ లేకుండా పడుకునేది, నా పనీ అయ్యేది. డిగ్రీ వచ్చి అదే ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరాక కూడా ఈ మాట మీద ఆమెతో ఎన్నోసార్లు దెబ్బలాడాను. ప్రతిసారీ "నిజమే పాపా" అనేది. నిజమే అని మళ్లీ బస్సెక్కేది. ఇటువంటి మనిషితో ఎవరైనా ఎట్లా వాదిస్తారు?

ఆమె పోయాక వార్డు పని నా మీద పడింది. ఒక పొద్దున కాగితాలు పట్టుకుని వెళ్తుంటే కిటికీ పక్క మంచం మీద నుంచి ఎవరో "అక్కా" అని పిలిచారు. తిరుచానూరు అమ్మాయి. నెలలు నిండి ఉంది, ముఖం కాస్త ఉబ్బింది.

"ఆ మేడమ్మ రాలేదా?"

చెప్పాను. ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

"నాకు చెప్పేకి ఎవురూ రాలేదే" అంది.

నేను పక్క మంచం వైపు కదిలాను. కొంగు పట్టి ఆపింది.

"కాయితం ఇయ్యి. ఈ తూరి గూడా ఇస్తా."

నమ్మలేకపోయాను. "నిజంగానా? అప్పుడు అంత బాధపడితివి కదమ్మా" అన్నాను.

"ఆపమంటే ఆపినారు గదా. అందుకే ఇస్తాండా." పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. "ఏమైందో చెప్పేకి ఎవురొస్తారు?"

"నేను వస్తానులే."

"బతికితే సరే. అవి సచ్చిపోయినా వచ్చి చెప్తావా?"

ఆ క్షణంలో మేడమ్ మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. పోయి కూడా నన్ను వదలలేదు ఈ మనిషి.  ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది.

"వస్తా" అన్నాను.

"ఒట్టెయ్" అని చెయ్యి చాపింది.

వేశాను.